పీసీబీ షీట్లతో పని: ఆ తెల్ల గ్లవ్స్ ఎవరి కోసం?

ఈ రోజు ఎపిసోడ్‌లో కొత్త యాప్ లేదు, ఏఐ లేదు, ఫోన్ రివ్యూ అసలే లేదు. మీరు ఇప్పుడు ఈ వీడియో చూస్తున్న ఫోన్ లోపల ఒక సర్క్యూట్ బోర్డు ఉంది కదా, అదే పీసీబీ. అది ఒక షీట్ నుంచి తయారవుతుంది. ఆ షీట్‌ని చేత్తో పట్టుకుని, కోసి, డ్రిల్ చేసి, ప్రెస్‌లో పెట్టేవాళ్లు ఉంటారు. వాళ్లు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి, ఎందుకు తీసుకోవాలి, అదే ఈ రోజు టాపిక్.

"ఇది మాకెందుకు బ్రో" అని స్క్రోల్ చేసేయకండి. రెండు కారణాలు చెప్తా.

ఒకటి, ఉద్యోగాలు. 2025 మార్చిలో కేంద్ర కేబినెట్ ఎలక్ట్రానిక్స్ విడిభాగాల తయారీకి 22,919 కోట్ల రూపాయల స్కీమ్ ఒకటి ఆమోదించింది. ఇన్నాళ్లూ మనం బోర్డు షీట్లు చాలావరకు బయటి దేశాల నుంచే తెచ్చుకున్నాం. ఇప్పుడు ఆ షీట్లు కూడా ఇక్కడే చేయాలని ప్లాన్. తిరుపతి జిల్లా నాయుడుపేటలో పీసీబీలు, వాటికి కావాల్సిన కాపర్ క్లాడ్ షీట్లు తయారు చేసే ప్లాంట్ పెడతామని సిర్మా ఎస్‌జీఎస్ కంపెనీ 2025లో ప్రకటించింది. అంటే డిప్లొమా, ఐటీఐ చేసిన మన పిల్లలు రేపు ఆ లైన్ల మీద నిలబడబోతున్నారు. వాళ్లలో మీరు ఉండొచ్చు, మీ చెల్లెలు ఉండొచ్చు.

రెండో కారణం మా తమ్ముడు.

"నీళ్లు పడలేదేమో"

మా పిన్ని కొడుకు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాడు. బెంగళూరు దగ్గర ఒక పీసీబీ కంపెనీలో జాబ్ వచ్చింది, కంపెనీ పేరు చెప్పను. మొదటి వారంలోనే చేతులు దురద మొదలయ్యాయి. సూపర్‌వైజర్‌ని అడిగితే, "కొత్తలో అందరికీ ఉంటుంది, నెలకి అలవాటైపోతుంది" అన్నాడట. ఫోన్‌లో పిన్నికి చెప్తే, "ఆ ఊరి నీళ్లు పడలేదేమో నాన్నా, వేడి చేసుంటుంది, కొబ్బరినీళ్లు తాగు" అంది. వాడు కొబ్బరినీళ్లు తాగాడు. హాస్టల్లో సబ్బు మార్చాడు. మెడికల్ షాపులో అడిగి ఏదో ట్యూబు తెచ్చుకుని రాసుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. అలవాటు కాలేదు, ఎక్కువైంది. మణికట్ల దగ్గర చిన్న చిన్న నీటి పొక్కులు. తర్వాత కనురెప్పలు వాచిపోయాయి. అప్పుడు నాకు వీడియో కాల్ చేశాడు.

"అన్నా, గ్లవ్స్ వేసుకునే చేస్తున్నా. మరి చేతులకి ఎందుకొస్తుంది? కళ్లకి ఎందుకొస్తుంది?"

"ఏం గ్లవ్స్ రా అవి? చూపించు."

తెల్లగా, పల్చగా, గుడ్డ గ్లవ్స్ చూపించాడు. నాకు అప్పుడు ఏమీ అర్థం కాలేదు. నేను ఎనిమిది గంటలు ఏసీలో కూర్చుని కోడ్ రాసినవాడిని, నాకేం తెలుసు. "డాక్టర్ దగ్గరకి వెళ్లు" అని చెప్పి, ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టా. వాడి ప్రశ్నకి జవాబు తెలియాలంటే ముందు ఆ షీట్ ఏంటో తెలియాలి. అక్కడి నుంచే మొదలుపెడదాం.

హాఫ్ కుక్డ్ పరోటా

ఎక్కువ బోర్డుల్లో వాడే మెటీరియల్ పేరు ఎఫ్‌ఆర్-4. ఎఫ్‌ఆర్ అంటే మంట త్వరగా అంటుకోనిది, అంటుకున్నా దానంతటదే ఆరిపోయేది అని. లోపల ఉండేవి ముఖ్యంగా రెండు. ఒకటి గాజు దారాలతో నేసిన గుడ్డ, గ్లాస్ క్లాత్. రెండోది ఎపాక్సీ రెసిన్, అంటే జిగురు. సిమెంటులో ఇనుప చువ్వలు ఎలాగో, ఎపాక్సీలో గాజు దారాలు అలాగ. పైన, కింద రాగి రేకు అతికిస్తారు. ఆ రాగి మందం మామూలుగా 35 మైక్రాన్లు. ఒక మిల్లీమీటర్‌లో వెయ్యి మైక్రాన్లు కాబట్టి ఎంత పల్చనో ఊహించుకోండి.

తయారీ మూడు దశల్లో జరుగుతుంది. ఈ మూడు దశలు అర్థమైతే మిగతా ఎపిసోడ్ అంతా ఈజీ.

మొదటి దశలో రెసిన్ ద్రవంగా ఉంటుంది. గ్లాస్ క్లాత్‌ని అందులో ముంచి తీస్తారు. దోసెల పిండి అనుకోండి.

రెండో దశలో ఆ తడి గుడ్డని పొడవాటి ఓవెన్ లోంచి పంపి, సగం మాత్రమే గట్టిపడేలా చేస్తారు. దీన్ని ప్రీప్రెగ్ అంటారు. సూపర్ మార్కెట్లో ఫ్రీజర్లో పెట్టి అమ్మే హాఫ్ కుక్డ్ పరోటా తెలుసు కదా? సేమ్ అదే. పట్టుకుంటే పొడిగానే ఉంటుంది, కానీ పూర్తిగా ఉడకలేదు. చల్లగా దాచాలి, ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది.

మూడో దశలో ఈ ప్రీప్రెగ్ షీట్లని ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనా కిందా రాగి రేకు పెట్టి, వేడి ప్రెస్‌లో గట్టిగా నొక్కుతారు. వేడి సుమారు 180 డిగ్రీలు. అప్పుడు రెసిన్ కరిగి, పారి, పూర్తిగా గట్టిపడుతుంది. మనం మామూలుగా చూసే 1.6 మిల్లీమీటర్ల బోర్డు కావాలంటే మందపాటి రకం ప్రీప్రెగ్ షీట్లు ఎనిమిది దాకా పేర్చాలి. ఒకసారి ఇలా ఉడికాక మళ్లీ వెనక్కి కరగదు.

ఇప్పుడు అసలు పాయింట్. పూర్తిగా ఉడికిన షీట్‌ని ఊరికే చేత్తో పట్టుకుంటే దాదాపు ఏమీ కాదు. మీ ఫోన్ బోర్డు వల్ల మీకు దురద రాదు. ప్రమాదం షీట్‌లో కంటే మనం దానితో చేసే పనిలో ఎక్కువ ఉంది. సగం ఉడికినప్పుడు ముట్టుకుంటే ఒక సమస్య. ఉడికాక కోసి, డ్రిల్ చేసి పొడి చేస్తే ఇంకో సమస్య. హద్దు దాటి వేడి చేస్తే మూడో సమస్య.

రెండు దురదలు, ఒకేలా కనిపిస్తాయి

సూపర్‌వైజర్ "అలవాటైపోతుంది" అన్నాడు కదా. ఆయన కావాలని అబద్ధం చెప్పలేదు. సగం నిజం చెప్పాడు. ఎందుకంటే ఈ పనిలో రెండు రకాల దురదలు ఉన్నాయి.

మొదటిది గాజు దురద. గ్లాస్ క్లాత్‌లో ఒక్కో దారం మందం రకాన్ని బట్టి సుమారు 5 నుంచి 9 మైక్రాన్లు. మన తల వెంట్రుక కంటే చాలా సన్నం. కోసినప్పుడు ఈ దారాలు ముక్కలై చర్మంలో గుచ్చుకుంటాయి. వరి గడ్డి మోసినప్పుడు నూగు గుచ్చుకుని దురద పెడుతుంది చూడండి, అలాంటిదే. ఇది అలర్జీ కాదు, రసాయనం పనీ కాదు. ఉత్త గుచ్చుకోవడమే. కడిగేసుకుంటే తగ్గుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో చర్మం అలవాటు పడి దురద తగ్గడం కూడా నిజమే.

రెండోది ఎపాక్సీ అలర్జీ. ఇది పూర్తిగా ఉడకని రెసిన్ నుంచి, దానిలో కలిపే గట్టిపరిచే పదార్థాల నుంచి వస్తుంది. అంటే ద్రవ రెసిన్, ప్రీప్రెగ్, ప్రీప్రెగ్ కోసినప్పుడు రాలే పొడి. మొదట్లో ఏమీ అవ్వదు. రోజులు, వారాలు, ఒక్కోసారి నెలలు తగులుతూ ఉంటే మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి గుర్తుపెట్టుకుందా, ఇక కొంచెం తగిలినా దాడి మొదలు. తగిలిన వెంటనే కాదు, ఒకటి రెండు రోజుల తర్వాత దద్దుర్లు, పొక్కులు వస్తాయి. అందుకే దేనివల్ల వచ్చిందో మనకి తట్టదు. ఆదివారం తిన్న రొయ్యల మీదో, నీళ్ల మీదో నింద పడుతుంది.

తేడా ఒక్క మాటలో చెప్తా, గుర్తుపెట్టుకోండి. గాజు దురద రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఎపాక్సీ అలర్జీ రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. సెలవులో ఇంటికి వస్తే తగ్గి, డ్యూటీకి వెళ్లిన రెండు రోజులకి మళ్లీ వస్తుంటే, పొక్కులు లేస్తుంటే, కనురెప్పలు వాస్తుంటే "అలవాటైపోతుంది" అని కూర్చోవద్దు. కనురెప్పలెందుకు? అక్కడ చర్మం చాలా పల్చన. గాల్లో తేలే పొడి అక్కడ వాలినా, చేత్తో ఒకసారి రుద్దుకున్నా చాలు. స్కిన్ డాక్టర్ ప్యాచ్ టెస్ట్ చేసి ఇది ఎపాక్సీయా కాదా తేలుస్తారు. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అతికించి, రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు. అంతే టెస్ట్.

బాధ కలిగించే విషయం ఏంటంటే, ఈ అలర్జీ ఒకసారి వస్తే మామూలుగా జీవితాంతం ఉంటుంది. మందులతో మంట తగ్గుతుంది, అలర్జీ పోదు. దానికి దూరంగా ఉండటమే దారి.

గ్లవ్స్ కథ

ఇప్పుడు వాడి ప్రశ్నకి వద్దాం. గ్లవ్స్ వేసుకున్నా ఎందుకొచ్చింది?

ఎందుకంటే ఆ తెల్ల గ్లవ్స్ వాడి కోసం కాదు, బోర్డు కోసం. నిజంగా. మన చేతి చెమటలో ఉప్పు, నూనె ఉంటాయి. వేలిముద్ర రాగి మీద పడితే అక్కడ రాగి నల్లబడుతుంది, తర్వాత పొరలు సరిగ్గా అతుక్కోవు. అందుకే లైన్ మీద గుడ్డ గ్లవ్స్ ఇస్తారు. అవి బోర్డుని మన నుంచి కాపాడతాయి. మనల్ని బోర్డు నుంచి కాపాడవు. గుడ్డ కాబట్టి రెసిన్ పొడి నేతలోకి దిగుతుంది, చెమటతో కలిసి రోజంతా చర్మానికి అంటుకునే ఉంటుంది. అంటే గ్లవ్స్ లేకపోతే షిఫ్ట్ మధ్యలో చేతులు కడుక్కునేవాడు, గ్లవ్స్ ఉండటం వల్ల అదీ చేయలేదు.

ప్రీప్రెగ్, రెసిన్ దగ్గర కావాల్సింది నైట్రైల్ గ్లవ్స్. నీలం రంగులో రబ్బరులా ఉంటాయి. మామూలు లేటెక్స్ రబ్బరు గ్లవ్స్‌ని ఎపాక్సీ దాటుకుని రాగలదు కాబట్టి అవి సరిపోవు. నైట్రైల్ అయినా ఒక జత రోజంతా కాదు, చిరిగినా మురికైనా మార్చాలి. తీసేటప్పుడు బయటి వైపు చర్మానికి తగలకుండా లోపలి నుంచి తిప్పి తీయాలి. పూర్తి చేతుల చొక్కా వేసుకోవాలి, గ్లవ్స్‌కి చొక్కా చేతికి మధ్య మణికట్టు బయట కనిపించకూడదు. మా వాడికి పొక్కులు మొదలైంది సరిగ్గా అక్కడే.

ఇంకో తప్పు చాలామంది చేస్తారు. చేతికి రెసిన్ అంటితే థిన్నర్‌తోనో, ఎసిటోన్‌తోనో తుడుస్తారు. గిన్నెకి అంటిన పెయింట్ పోయినట్టు పోతుంది కదా అని. వద్దు. ఆ ద్రావకం చర్మం మీది నూనెని తీసేసి, రెసిన్‌ని ఇంకా లోపలికి పంపుతుంది. సబ్బు, నీళ్లు చాలు.

రెసిన్ కలిపే సెక్షన్‌లో ఉండేవాళ్లకి ఇంకో మాట. అక్కడ ఎసిటోన్ లాంటి ద్రావకాలు ఉంటాయి, వాటి ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. కొన్ని చోట్ల డీఎంఎఫ్ అనే ద్రావకం వాడతారు. అది చర్మం గుండానే ఒంట్లోకి వెళ్లి లివర్‌ని దెబ్బతీయగలదు. దాని విషయంలో "కొంచెం చిందింది, పర్లేదు" అనే మాట లేదు.

డ్రిల్లింగ్: కంటికి కనిపించని పొడి

షీట్ పూర్తిగా ఉడికాక డ్రిల్లింగ్‌కి వస్తుంది. పీసీబీ డ్రిల్ మెషిన్లు నిమిషానికి లక్షకి పైగా తిరుగుతాయి. ఒక్కో బోర్డుకి వందలు, వేలు రంధ్రాలు. ప్రతి రంధ్రం నుంచి గాజు, ఎపాక్సీ, రాగి కలిసిన సన్నని పొడి వస్తుంది.

"గాజు దారం అంటున్నావ్, ఆస్‌బెస్టాస్ లాంటిదా?" అని నన్ను చాలామంది అడిగారు. కాదు. ఆస్‌బెస్టాస్ పోగు నిలువునా చీలిపోతూ ఇంకా ఇంకా సన్నమవుతుంది, అందుకే ఊపిరితిత్తుల లోతుకి వెళ్తుంది. గాజు దారం అడ్డంగా విరుగుతుంది. పొట్టి అవుతుంది తప్ప సన్నం కాదు. 3 మైక్రాన్ల కంటే సన్నగా ఉన్న పోగులే ఊపిరితిత్తుల లోపలిదాకా చేరతాయని లెక్క, బోర్డు గాజు దారాలు అంతకంటే లావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఈ రకం గాజు దారాన్ని గ్రూప్ 3లో పెట్టింది, అంటే క్యాన్సర్ కారకం అని చెప్పలేం అని. అనవసరంగా భయపడొద్దు.

అలాగని పీల్చొచ్చు అని కూడా కాదు. డ్రిల్లింగ్‌లో దారాలతో పాటు వాటి చూర్ణం, రెసిన్ చూర్ణం కూడా వస్తాయి. ముక్కు, గొంతు, కళ్లు మండుతాయి. ఆస్తమా ఉన్నవాళ్లకి ఇంకా ఇబ్బంది. అమెరికాలో ఇలాంటి దుమ్ముకి క్యూబిక్ మీటర్ గాలికి మొత్తం 15 మిల్లీగ్రాములు, ఊపిరితిత్తుల లోపలికి వెళ్లేంత సన్నటిదైతే 5 మిల్లీగ్రాములు దాటకూడదని చట్టపరమైన హద్దు ఉంది.

ఇక్కడ నా సాఫ్ట్‌వేర్ బుద్ధి ఒకటి పనికొచ్చింది. ఒక బగ్ వస్తే మూలం దగ్గర సరిచేస్తామా, వాడే ప్రతి చోటా ఒక ప్యాచ్ వేస్తామా? మూలం దగ్గరే కదా. సేఫ్టీలో కూడా అదే ఆర్డర్. ముందు ప్రమాదకరమైన పదార్థాన్ని తీసేయగలమా, మార్చగలమా చూడాలి. కుదరకపోతే మెషిన్ దగ్గరే ఆపాలి, అంటే డ్రిల్ బిట్ పక్కనే దుమ్ముని లాగేసే వ్యాక్యూమ్ ఉండాలి. ఆ తర్వాత పని పద్ధతులు. అన్నిటికంటే చివర మాస్కు, గ్లవ్స్. వ్యాక్యూమ్ పాడైపోయి, మాస్కు మాత్రం చేతికిచ్చి "కానివ్వు" అంటే ఆ ఫ్యాక్టరీ లిస్టుని తలకిందులుగా చదువుతోందని అర్థం.

మాస్కు కావాల్సి వస్తే ఎన్95 గానీ, ఎఫ్‌ఎఫ్‌పీ2 గానీ ఉండాలి. సర్జికల్ మాస్కు, కర్చీఫ్ ఈ దుమ్ముని ఆపవు.

అన్నిటికంటే ఎక్కువ కనిపించే తప్పు ఎయిర్ గన్. షిఫ్ట్ అయిపోయాక టేబుల్ మీద దుమ్ముని గాలితో కొట్టేస్తారు, తర్వాత అదే గన్‌తో బట్టలు దులుపుకుంటారు. కింద ఉన్న పొడిని ముక్కు ఎత్తుకి లేపడమే అది. హెపా ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్‌తో గానీ, తడి గుడ్డతో గానీ తీయాలి.

చర్మం మీద గాజు పొడి పడితే రుద్దకండి, గోకకండి. రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. ముందు చల్లటి నీళ్లు ధారగా పోయండి, తర్వాత సబ్బు. కంట్లో పడితే నలపకుండా 15 నిమిషాలు నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరకి వెళ్లాలి. పని బట్టలు ఇంట్లో వాళ్ల బట్టలతో కలిపి ఉతకొద్దు. ఆ పొడి చిన్నపిల్లల బట్టల్లోకి వెళ్తుంది.

వేడి ఎక్కువైతే

మామూలు ఎఫ్‌ఆర్-4 సుమారు 130, 140 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. సీసం లేని సోల్డరింగ్‌లో బోర్డు కాసేపు 250 డిగ్రీల దాకా వెళ్తుంది, దాన్ని తట్టుకుంటుంది. 300 దాటితే మాత్రం రెసిన్ విడిపోవడం మొదలవుతుంది. మంట ఆరిపోయే గుణం కోసం చాలా ఎఫ్‌ఆర్-4 రకాల్లో బ్రోమిన్ ఉంటుంది. కాలినప్పుడు హైడ్రోజన్ బ్రోమైడ్ అనే ఘాటు వాయువు, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. అడ్డూ అదుపూ లేకుండా తగలబెడితే డయాక్సిన్ల కుటుంబానికి చెందిన విషాలు కూడా వస్తాయి. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో రాగి కోసం పాత బోర్డులు కాల్చడం ఎందుకంత పెద్ద సమస్య అయిందో ఇప్పుడు అర్థమైంది కదా. స్క్రాప్ ముక్కలని చలిమంటలో వేయడం కూడా అలాంటిదే.

5జీ యాంటెనాలు, రాడార్ల బోర్డుల్లో ఇంకో మెటీరియల్ వాడతారు, పీటీఎఫ్ఈ. మన నాన్ స్టిక్ పెనం మీద ఉండేదే. దాని పొడి వేళ్లకి అంటుకుని ఉండగా సిగరెట్ వెలిగిస్తే, నిప్పు వేడికి ఆ పొడి ఆవిరై పొగతో పాటు లోపలికి వెళ్తుంది. కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. ఫ్లూ అనుకుంటారు. దీన్ని పాలిమర్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. అందుకే ఆ సెక్షన్‌లో సిగరెట్ ప్యాకెట్ జేబులో పెట్టుకోవడం కూడా తప్పే.

బరువు, అంచులు, ఫ్రిజ్

ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. కానీ రోజూ జరిగేవి ఇవే.

అంచులు. కోసిన రాగి రేకు అంచు బ్లేడు లాంటిది. వేలు జార్చితే తెగుతుంది. షీట్‌ని రెండు చేతులతో, రెండు వైపులా అంచుల దగ్గర పట్టుకోవాలి. ఈ పనికి కోతని ఆపే గ్లవ్స్ వేరే ఉంటాయి. చూశారా, ఒకే ఫ్యాక్టరీలో మూడు రకాల గ్లవ్స్ అయ్యాయి: బోర్డు కోసం గుడ్డవి, రెసిన్‌కి నైట్రైల్‌వి, అంచులకి కోత ఆపేవి.

బరువు. 18 అంగుళాలు, 24 అంగుళాల ప్యానెల్, 1.6 మిల్లీమీటర్ల మందం, రెండు వైపులా రాగి. లెక్క కడితే సుమారు ఒక కిలో. "ఇంతేనా" అని ఇరవై కలిపి ఎత్తితే 20 కిలోలు. పైగా నున్నగా జారుతుంటాయి. ట్రాలీ వాడండి, తక్కువ తక్కువగా తీసుకెళ్లండి.

ఫ్రిజ్. ప్రీప్రెగ్‌ని 5 డిగ్రీల లోపు దాస్తే సుమారు ఆరు నెలలు, 23 డిగ్రీల లోపు, 50 శాతం లోపు తేమలో దాస్తే సుమారు మూడు నెలలు ఉంటుంది. ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే ప్యాకెట్ విప్పకూడదు. చల్లటి కూల్‌డ్రింక్ సీసా బయట పెడితే నీళ్లు పట్టినట్టు దీనికీ పడతాయి. సీల్ విప్పకుండా గది వేడికి వచ్చేదాకా ఆగాలి. లేకపోతే ఆ తేమ ప్రెస్‌లోనో, సోల్డరింగ్‌లోనో ఆవిరై పొరలని ఉబ్బిస్తుంది. చేతికి మంచిది కానిది బోర్డుకీ మంచిది కాదు అనడానికి ఇదొక ఉదాహరణ. దుమ్ము, తేమ, చెమట మూడూ ఇద్దరికీ శత్రువులే.

అడగాల్సిన కాగితం

ప్రతి రసాయనానికీ సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది. మొత్తం 16 భాగాలు. అంతా చదవాల్సిన పని లేదు. 2లో ప్రమాదాలు, 4లో ప్రథమ చికిత్స, 8లో ఏ గ్లవ్స్, ఏ మాస్కు, 10లో వేడెక్కితే ఏం విడుదలవుతుంది. ఈ నాలుగు చదివితే చాలు. ఒక జాగ్రత్త: పూర్తయిన షీట్ మీద "ప్రమాదకరం కాదు" అని ఉండొచ్చు. అది షీట్‌గా ఉన్నంతవరకే. దాన్ని డ్రిల్ చేసినప్పుడు ఏమవుతుందో కూడా అడగాలి.

అడిగే హక్కు మీకుందా? ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 111ఏ సెక్షన్ కార్మికుడికి ఆరోగ్యం, భద్రత సమాచారం అడిగే హక్కు ఇచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. ఇంకో విషయం, రసాయనాలు తగలడం వల్ల వచ్చే చర్మవ్యాధి, అలర్జీ రకంతో సహా, చట్టం లిస్టులో ఉన్న జబ్బే. అంటే యాజమాన్యం దాన్ని ప్రభుత్వ అధికారులకి తెలియజేయాలి. "నీ ఒంటితత్వం అంతే" అని తేల్చేసే విషయం కాదు.

ఇంట్లో ప్రాజెక్టు చేసేవాళ్లకి

కోఠీ గుజరాతీ గల్లీలో కాపర్ క్లాడ్ ముక్క కొని, హాస్టల్ రూమ్‌లో డ్రిల్ చేసే బీటెక్ బ్యాచ్, మీకే చెప్తున్నా. నేనూ అదే చేశా. మంచం మీద కూర్చుని హ్యాండ్ డ్రిల్‌తో ముప్పై రంధ్రాలు వేసి, పొడిని నోటితో ఊది, అదే దుప్పటి కప్పుకుని పడుకున్నా. రాత్రంతా గోక్కున్నా. నల్లులు అనుకున్నా.

మీరు ఇలా చేయండి. గ్రైండర్‌తో కోయకుండా, కత్తితో రెండు వైపులా గాటు పెట్టి విరవండి. అంచు అరగదీయాలంటే వాటర్ పేపర్‌ని తడిపి అరగదీయండి, పొడి లేవదు. డ్రిల్ చేస్తుంటే ఆ చోట తడి ఉంచండి, ఎన్95, కళ్లద్దాలు పెట్టుకోండి. పడుకునే గదిలో మాత్రం వద్దు.

మా వాడి సంగతి

వాడు ఈఎస్ఐ ఆస్పత్రికి వెళ్లాడు, అక్కడి నుంచి స్కిన్ డాక్టర్ దగ్గరకి పంపారు. ప్యాచ్ టెస్ట్‌లో ఎపాక్సీ తేలింది. ఆ కాగితం పట్టుకుని హెచ్‌ఆర్ దగ్గరకి వెళ్లడానికి మూడు రోజులు భయపడ్డాడు. "ఉద్యోగం తీసేస్తారేమో అన్నా. ఇంటికి పంపే డబ్బులు ఎలా?" ఆ భయం నిజమైనదే. నేను దానికి సలహా చెప్పగలిగే స్థితిలో లేను, నా జీతం నేను నా ఇష్టంతో వదులుకున్నవాడిని. "కాగితం మీద రాసి ఇవ్వు, కాపీ నీ దగ్గర ఉంచుకో" అని మాత్రం చెప్పా.

తీసేయలేదు. ప్రీప్రెగ్ సెక్షన్ నుంచి మార్చి, పూర్తయిన బోర్డుల టెస్టింగ్‌లో వేశారు. పొక్కులు తగ్గాయి. కానీ అలర్జీ ఉంది, ఉంటుంది. రేపు ఇంటికి ఎపాక్సీ ఫ్లోరింగ్ వేయించుకోవాలన్నా, జిగురు ట్యూబు వాడాలన్నా జాగ్రత్తగా ఉండాలి. వాడికి ఇప్పుడు ఇరవై రెండేళ్లు.

పోయిన వారం ఫోన్ చేశాడు. వాడి పాత సెక్షన్‌లో ఇద్దరు కొత్త కుర్రాళ్లు చేరారట, ఒకడు శ్రీకాకుళం వాడు. లంచ్‌లో కలిసి, "తెల్ల గ్లవ్స్ బోర్డుకి రా, నీకు కాదు. నీలం గ్లవ్స్ అడుగు" అని చెప్పాడట. స్టోర్‌లో నైట్రైల్ గ్లవ్స్ బాక్సులు మొదటి నుంచీ ఉన్నాయి. అడిగితే ఇచ్చారు. అడగాలని మా వాడికి మొదటి రోజు ఎవరూ చెప్పలేదు, అంతే.

మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఇలాంటి కంపెనీలో చేరుతుంటే, ఈ వీడియో మొత్తం కాకపోయినా ఆ గ్లవ్స్ ముక్క అయినా వాట్సాప్‌లో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, జాగ్రత్త.